నాలుగు గీతలు

అద్దానికి ఎదురుగా నిలబడి అద్దంలో పడకుండా ఉండటం నా వృత్తి. కొత్తగా కట్టిన భవనాలకు ఫోటోలు తీస్తాను. ఇప్పుడు కట్టేవన్నీ అద్దాలే కాబట్టి నేను తీసేవీ అద్దాలే. కట్టినవాళ్ళకు లోపలి మెట్లు కనిపించాలి, దీపాలు కనిపించాలి, పై అంతస్తుల మీద కాస్త ఆకాశం తేలాలి. ఎదుటి బాల్కనీలో ఆరేసిన దుప్పటి కనిపించకూడదు, రోడ్డు పక్కన ఆగిన లారీ కనిపించకూడదు, అన్నిటికంటే ముఖ్యంగా నేను కనిపించకూడదు. అందుకని నల్లగుడ్డ కప్పుకుంటాను. లెన్సు ముందు ఒక ఫిల్టరు బిగించి, గోడకు ఓరగా నిలబడి, దాన్ని మెల్లగా తిప్పుతాను. తిప్పగా తిప్పగా ఒకచోట అద్దం మీది ప్రతిబింబం పలచబడిపోయి లోపలి గది పైకొస్తుంది. పాతికేళ్ళుగా చూస్తున్నా అది నాకు విసుగు పుట్టలేదు.

కోపం నాకు ముక్కు మీదే ఉంటుంది. వెలుతురు మారిపోతోందంటే ఎదుట ఉన్నది వాచ్‌మనా, యజమానా అని చూడను, అరిచేస్తాను. తర్వాత వెళ్ళి బతిమాలుకుంటాను. ఈ స్వభావం గురించి మా ఇంట్లో అందరికీ తెలుసు, ఎక్కువగా తెలిసింది మా బావకి.

మా బావ, అంటే అక్క భర్త, ఆ అద్దాలు తుడిచేవాడు. తాడు మీద వేలాడుతూ, నడుముకు బకెట్టు కట్టుకుని, ఎడమచేత్తో తుడుపుకర్ర పట్టుకుని. ఆయనది ఎడమచెయ్యి వాటం. "దొరా" అని పిలిచేవాడు నన్ను, నేనేదో పెద్ద దొరనైనట్టు. "నువ్వూ నేనూ చేసేది ఒకటే పని దొరా. అద్దం లేనట్టు కనిపించాలి, అంతేగా. కాకపోతే నువ్వు కింద నిలబడి చేస్తావు, పేరు కూడా వేయించుకుంటావు" అని ఏడిపించేవాడు.

అద్దం గురించి నాకు తెలిసిన కొన్ని సంగతులు ఆయన చెప్పినవే. ఒకసారి నేను తీసిన ఫోటోలో స్తంభాలన్నీ రెండేసిగా పడ్డాయి. లెన్సు పాడైందనుకుని అమ్మినవాడి మీదికి యుద్ధానికి బయల్దేరాను. బావ నన్ను ఆపి, ఆ భవనంలోనే ఒక కిటికీ దగ్గరికి లాక్కెళ్ళి, లైటరు వెలిగించి అద్దానికి దగ్గరగా పట్టుకున్నాడు.

"అద్దంలో ఎన్ని మంటలున్నాయి?"

"రెండు."

"అంటే రెండు పలకలున్నట్టు, మధ్యలో గాలి ఉన్నట్టు. ఏ పలక బొమ్మ అది చూపిస్తుంది. ఇలాంటి అద్దంలో ఒకటి రెండుగా పడుతుంది, రెండు నాలుగుగా పడతాయి. నీ లెన్సు బాగానే ఉంది దొరా, నీ బుర్రకే రిపేరు కావాలి."

ఆ సంగతి ఎందుకు చెబుతున్నానో కాసేపట్లో తెలుస్తుంది.

ఆ రోజు నేను ఫోటో తీయాల్సిన భవనం ఒకటి, బావ తుడుస్తున్న భవనం దానికెదురుగా రోడ్డుకు అవతలిది. అనుకుని చేసింది కాదు, పని అలా కలిసొచ్చింది. పొద్దున్నే ఇద్దరం రోడ్డు పక్కన నిలబడి టీ తాగాం. తర్వాత ఆయన పైకి, నేను ఇవతలికి. ఆయనది నా వెనక ఉన్న భవనం. కానీ నా కెమెరాకు ఎదురుగా ఉన్న అద్దంలో ఆ భవనమంతా, ఆయనతో సహా, పడుతోంది. తొమ్మిదో అంతస్తు దగ్గర నారింజరంగు చొక్కా.

తుడిచే మనిషికి రెండు తాళ్ళుంటాయి. ఒకటి దిగడానికి. రెండోది, మొదటిదానికేమైనా అయితే మనిషిని పట్టి ఆపడానికి. రెండూ డాబా మీద వేర్వేరు కొక్కాలకు కట్టాలి. కట్టి, సాయంత్రం దాకా వాటి దగ్గరే కూర్చునే ముసలాయన ఒకడున్నాడు. అందరూ ఆయన్ని పైవాడు అనేవారు. "పైవాడి దయ ఉంటే సాయంత్రం ఇంటికొస్తా" అని బావ రోజూ గుమ్మంలో అనేవాడు. ఆ హాస్యానికి అక్క ఒక్కసారి కూడా నవ్వలేదు.

మొదటి ఫోటో ఎప్పుడూ ఉన్నదున్నట్టు తీస్తాను, ఫిల్టరు తిప్పకుండా. అద్దంలో ఏమేం పడుతున్నాయో లెక్క చూసుకోవడానికి. ఎనిమిదీ నాలుగు నిమిషాలకు తీశాను. అప్పుడే మేడ అంచు దాటి ఎండ నేరుగా మెట్ల మీదికి దిగింది. అది నేను మూడు రోజులుగా కాచుకుని కూర్చున్న ఎండ. గబగబా ఫిల్టరు తిప్పాను. అంతా పలచబడింది, ఆ నారింజరంగు తప్ప. సరిగ్గా మెట్ల మలుపు మీద ఒక మరకలా నిలిచిపోయింది.

బావ చేతులు ఖాళీగా ఉండవు కాబట్టి పైవాడికి ఫోన్ చేశాను.

"మా బావని రెండు వరసలు పక్కకి జరగమను. ఐదు నిమిషాలు చాలు."

"జరగాలంటే పైకి రావాలి బాబూ. తాళ్ళు రెండూ విప్పి మళ్ళీ కట్టాలి. ముప్పావుగంట పడుతుంది."

"నా ఎండ ముప్పావుగంట ఆగదు. నువ్వు ముందు ఆయన్ని అడుగు. నేను అడిగానని చెప్పు."

ఆ చివరి మాట నేను తెలిసే అన్నాను. నేను అడిగానంటే బావ కాదనడు.

పైవాడు పైనుంచి కేకేసి చెప్పాడు. నేను నల్లగుడ్డ కిందే ఉండి అద్దంలో చూస్తున్నాను. బావ తల తిప్పి రోడ్డు వైపు చూశాడు, చెయ్యెత్తాడు. సరే దొరా అంటున్నాడనుకున్నాను. ఫిల్టరును ఒక్కసారి వెనక్కి తిప్పి, అది కూడా ఒకటి తీశాను. కాసేపటికి మరక కదిలి పక్కకి పోయింది. మెట్లు శుభ్రంగా బయటపడ్డాయి. వరసగా పద్నాలుగు ఫోటోలు తీశాను. పద్నాలుగోదాని తర్వాత నా వెనక శబ్దమైంది. నేను ముందు ఏదో బస్తా పడిందనుకున్నాను.

ఆయన పక్కకి ఊగినప్పుడు తాడు తొమ్మిదో అంతస్తు పైనున్న రాతి అంచుకు ఒరుసుకుని తెగిందని తర్వాత చెప్పారు. రెండో తాడు ఎందుకు పట్టలేదో ఎవరూ చెప్పలేదు.

ఆ పద్నాలుగింటిలో ఒకదాన్ని, నేను ఫోటో తీసిన భవనం కింది హాల్లోనే గోడంత పెద్దది చేసి పెట్టారు. చాలా బాగుందని ఉత్తరం కూడా రాశారు.

మూడు నెలలకు తుడిచే కంపెనీ నుంచి అక్కకి ఒక కాగితం వచ్చింది. అక్క బట్టలు కుట్టే మనిషి. ఏ కాగితమైనా, గుడ్డైనా అంచుల వెంబడి వేలితో తడిమి చూడటం ఆమెకు అలవాటు. అలాగే తడిమి చూసి నా చేతికిచ్చింది. పనివాడు ఒకే తాడుతో దిగాడనీ, ప్రమాదం జరిగాక డాబా మీది మనిషి రెండో తాడు కట్టి అబద్ధమాడాడనీ, అందువల్ల అతన్ని పనిలోంచి తీసేశామనీ ఉంది. చివర్లో "మరణానికి కారణం పనివాడి స్వీయ నిర్లక్ష్యం" అని ఉంది. దాని మీద విచారణ అధికారి ముందు అభ్యంతరం చెప్పుకోవడానికి ఒక తేదీ ఇచ్చారు.

"డబ్బు సంగతి కాదురా," అంది అక్క. "ఇస్తే ఇస్తారు, లేకపోతే లేదు. ఈ మాట ఉండకూడదు. పదేళ్ళయ్యాక పిల్ల ఈ కాగితం చదువుతుంది. మా నాన్న ఒళ్ళు దగ్గర పెట్టుకోకుండా చచ్చిపోయాడనుకుంటుంది. ఆయన ఏనాడైనా ఒక్క తాడుతో దిగాడా?"

"లేదక్కా."

"నువ్వు ఆ పొద్దున అక్కడే ఉన్నావుగా. నీ ఫోటోల్లో ఏమైనా పడ్డాడేమో చూడు."

"ఫిల్టరు వేశానక్కా. అద్దంలో ఏమీ పడలేదు."

పుట్టి బుద్ధెరిగి అక్కతో నేను ఆడిన పెద్ద అబద్ధం అది. ఆమె సరేనని తల ఊపి కుట్టుమిషను దగ్గరికి వెళ్ళిపోయింది. నేను చెప్పింది నమ్మడం తప్ప ఆమెకు వేరే అలవాటు లేదు.

నిజానికి ఆ రెండు ఫోటోలూ ఎన్నిసార్లు తెరిచి చూశానో నాకే తెలియదు. మొదటిదాన్ని పెద్దది చేస్తే బావ పైన సన్నటి గీతలు నాలుగు కనిపిస్తాయి. నేను ఫోటో తీసిన భవనానివి రెండు పలకల అద్దాలు. నాలుగు గీతలంటే రెండు తాళ్ళు. బావ చెప్పిన లెక్క. రెండో ఫోటోలో, ఆయన చెయ్యెత్తినదానిలో, ఆయనకు తగిలి ఉన్న గీతలు రెండే. ఎత్తిన చెయ్యి నాకు ఊపుతున్న చెయ్యి కాదు. పక్కకి జారిపోతున్న రెండో తాడును వదులుతున్న చెయ్యి. రెండు తాళ్ళతో పక్కకి జరగలేడు, పైకెళ్ళి రావడానికి నేను టైమివ్వలేదు.

మొదటి ఫోటో చూపిస్తే బావ మాట నిలబడుతుంది, పైవాడి మాట నిలబడుతుంది. కానీ తాడు ఉన్నవాడు ఎందుకు వదిలాడని అడుగుతారు కదా. అక్కడికి రాగానే కంప్యూటరు కట్టేసి లేచేవాణ్ణి.

విచారణకు నాలుగు రోజుల ముందు సాయంత్రం అక్క ఇంటికి వెళితే, పైవాడు గేటు దగ్గర చెప్పులు వేసుకుంటూ ఎదురయ్యాడు. అక్కని పలకరించి వెళుతున్నాడట. మనిషి సగమైపోయాడు. ముప్ఫయ్యేళ్ళు ముళ్ళు వేసిన చేతులు, పనిలేక, చొక్కా అంచు మెలిపెడుతున్నాయి.

"ఫోన్ సంగతి నువ్వు ఎవరికీ చెప్పలేదా?" అన్నాను.

"చెప్పలేదు."

"చెబితే నీ ఉద్యోగం..."

"ఆయమ్మకి ఒక మనిషి పోయాడు, చాలదా బాబూ? ఇంకొకర్ని కూడా పోగొట్టమంటావా?" అన్నాడు. కోపంగా అనలేదు, నన్ను చూడనూ లేదు. రెండో చెప్పు వేసుకుని వెళ్ళిపోయాడు.

నేను లోపలికి వెళ్ళలేకపోయాను. సిగ్గుతో చచ్చిపోవడమంటే ఏమిటో ఆ గేటు దగ్గర నాకు తెలిసింది.

మర్నాడు అక్కే ఫోన్ చేసింది. "ఆ ఫోటో ఒకసారి చూపించరా. హాల్లో పెట్టారన్నావుగా. దాని కోసమే కదా ఆ పొద్దున నువ్వక్కడున్నది."

తీసుకెళ్ళాను. కింది హాలు మధ్యాహ్నపు వెలుతురుతో నిండి ఉంది. అక్క రోడ్డు అవతల ఉన్న భవనం వైపు చూడకుండా తల వంచుకుని లోపలికి నడిచింది. ఫోటో ముందు నిలబడింది. చాలాసేపు చూసింది. మెట్లు, మెట్ల మీద ఎండ, పైన పలచటి ఆకాశం. ఏదైనా గుడ్డ కొలత తేడాగా వస్తే ఎలా చూస్తుందో అలా చూసింది.

"ఎదురుగా అంత పెద్ద బిల్డింగుంది కదరా. అది అద్దంలో పడలేదేం?"

"పడుతుందక్కా. తీసేస్తాం."

"ఎవరు తీసేస్తారు?"

"నేనే."

ఆమె నా వైపు తిరిగింది. "మనుషులుంటే? వాళ్ళని కూడా తీసేస్తావా?"

హాల్లో బల్ల వెనక కూర్చున్న అమ్మాయి మా వైపు చూసి మళ్ళీ తన పనిలో పడిపోయింది. అక్క ఫోటో మీదికి వంగి, మెట్ల మలుపు దగ్గర వేలు పెట్టింది. ఎలా తెలుసో తెలియదు, బహుశా తెలిసి పెట్టి ఉండదు. సరిగ్గా ఆ మరక ఉన్నచోటే పెట్టింది.

"అక్కా, ఇంటికెళదాం. నీకొకటి చూపించాలి" అన్నాను.

మా ఇంట్లో కంప్యూటరు ముందు కూర్చోబెట్టి మొదటి ఫోటో తెరిచాను. ఆయన్ని చూడగానే అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అద్దంలో పడిన బొమ్మ కాబట్టి ఎడమ కుడి అయింది. కుడిచేత్తో తుడుస్తున్నట్టు కనిపిస్తున్నాడు బావ. అయినా ఆ మెడ వంపు ఆయనదే. లైటరు సంగతి చెప్పాను, పలకల సంగతి చెప్పాను. గీతలు లెక్కపెట్టమన్నాను. తెర మీద వేలు పెట్టి ఒకటీ రెండూ మూడూ నాలుగూ అని పైకే లెక్కపెట్టింది.

"రెండు తాళ్ళున్నాయి," అంది. ఆమె మొహంలో వెలుగు వచ్చింది. మూడు నెలల తర్వాత మొదటిసారి. "ఉన్నాయని నేను చెబుతూనే ఉన్నా కదరా! ఇంతకాలం..." ఆగింది. "ఏమీ పడలేదన్నావేం?"

రెండో ఫోటో తెరిచాను. చెప్పాను. ఫోన్, ముప్పావుగంట, నేను అడిగానని చెప్పమన్న మాట, పైవాడు గేటు దగ్గర అన్నది, అన్నీ చెప్పాను. ఏడుస్తూ చెప్పలేదు. ఏడిస్తే నన్ను ఓదారుస్తుందని భయమేసింది. చిన్నప్పటి నుంచీ ఆమె చేసింది అదే.

అక్క లేచి, నా వంటింట్లోకి వెళ్ళి, గ్లాసు నిండా మంచినీళ్ళు తాగి, ఆ గ్లాసు కడిగి బోర్లించింది.

"విచారణ రోజు ఇదంతా ఇలాగే చెబుతావా?"

"చెబుతానక్కా."

"ఒక్క మాట కూడా వదలకుండా?"

"వదలను."

"అయితే సరే," అని చెప్పులు వేసుకుంది. నేను దిగబెడతానన్నాను. వద్దంది.

విచారణ అధికారి గది చిన్నది. కంపెనీ తరఫున ఒక ఇంజినీరు వచ్చాడు. పైవాడు గోడ పక్కన నిలబడ్డాడు, కూర్చోమన్నా కూర్చోలేదు. అక్క ముందు వరసలో కూర్చుంది. నేను ఫోటోలు చూపించాను. ఇంజినీరు గీతలు చూసి, అద్దం వల్ల ఒకటి రెండుగా కనిపిస్తుంది, కాబట్టి ఇది ఒకటే తాడు అన్నాడు. "ఒకటి రెండవుతుంది సార్, నాలుగు కాదు," అన్నాను. జేబులోంచి లైటరు తీశాను. ఆ గది కిటికీకీ రెండు పలకల అద్దమే. మంట చూపించాను. అధికారి లేచొచ్చి, కళ్ళజోడు సవరించుకుని, మంటలూ లెక్కపెట్టాడు, గీతలూ లెక్కపెట్టాడు.

"మరి ఎందుకు వదిలాడు?" అన్నాడు చివరికి.

"నేను పక్కకి జరగమన్నాను. నా ఫోటోకి అడ్డమొచ్చాడని. పైకెళ్ళి తాళ్ళు మార్చుకుని రావాలని ఈ పెద్దాయన చెప్పాడు. నేను వినలేదు."

గోడ పక్కన పైవాడు చేతుల్లో మొహం దాచుకున్నాడు. అధికారి రాసుకుంటూ ఒకచోట కలం ఆపాడు.

"మీరు ఆ కంపెనీ మనిషి కాదుగా. బయటి వ్యక్తి కోరిక మీద అని రాస్తాను."

"నేను ఆయన బావమరిదిని సార్."

"అది ఇంటి సంగతి. కాగితం మీద బయటి వ్యక్తే."

అక్క వెనక్కి తిరిగి నన్ను చూసింది. ఆ చూపులో కోపం ఉంటే భరించేవాణ్ణి. లేదు. నన్ను కొత్తగా చూస్తున్నట్టుంది, అంతే. నిర్లక్ష్యం అనే మాట తీసేస్తున్నట్టు అధికారి చదివి వినిపించాడు. డాబా మీది మనిషి చెప్పింది నిజమని కూడా రాశాడు. నా మీద కేసు పెడతారో లేదో పై అధికారులు చూస్తారన్నాడు. పెడితే పెట్టనీ అనుకున్నాను.

బయట వరండాలో అక్క నా కోసం ఆగింది.

"మొదటిది నాకు కావాలి," అంది. "జరగక ముందుది. పెద్దది చేసి ఇవ్వు. గోడకి పెట్టుకుంటా."

"రేపే తెస్తానక్కా."

"నువ్వు తేవద్దు. పెద్దాయనతో పంపు." చీర చెంగు సర్దుకుంది, అవసరం లేకపోయినా. "నువ్వు కొన్నాళ్ళు రాకు. నేను చెబుతా ఎప్పుడు రావాలో. నిజం చెప్పావు, కాదనను. కానీ నిన్ను చూస్తే ఆయన చెయ్యెత్తడమే కనిపిస్తోంది."

సరే అక్కా అన్నాను.

ఆ ఫోటోను అచ్చుకు సిద్ధం చేయడానికి నాకు రెండు రోజులు పట్టింది. చేయాల్సిన పనేమీ లేదు, అయినా పట్టింది. చేతికి పాతికేళ్ళ అలవాటుంది. లారీ కనిపిస్తే తీసేస్తుంది, దుప్పటి కనిపిస్తే తీసేస్తుంది, జంటగా పడిన గీతలు కనిపిస్తే ఒకదాన్ని చెరిపేస్తుంది. చేతిని ఆపి కూర్చున్నాను. బొమ్మను తిప్పి ఆయన ఎడమచేతిని ఎడమచేతిగా చేద్దామా అనుకున్నాను. అదీ చేయలేదు. కింద ఒక మూల, నల్లగుడ్డ కప్పుకున్న ఆకారం ఒకటి అద్దంలో పడి ఉంది. అన్నిసార్లు చూసి కూడా దాన్ని ఆ రోజే గమనించాను. మామూలుగా అయితే అన్నిటికంటే ముందు చెరిపేది దాన్నే. ఉంచేశాను.

పైవాడు వచ్చి, కాగితం నలగకుండా గుండ్రంగా చుట్టి, తన పద్ధతిలో ముడివేసి తీసుకెళ్ళాడు. మళ్ళీ పనిలోకి పిలిచారట. వెళతావా అంటే, ఇంకా తేల్చుకోలేదన్నాడు.

పదకొండు రోజులకు అక్క ఫోన్ చేసింది. నేను ఏదో భవనం ముందు నల్లగుడ్డ కింద ఉన్నాను. గుడ్డ తీసేసి రోడ్డు మధ్యలోనే నిలబడిపోయాను. వెనక కారువాడు హారన్ కొడుతూనే ఉన్నాడు.

"గోడకి పెట్టించా," అంది. "పిల్ల గీతలు లెక్కపెట్టింది. నాలుగున్నాయంది."

"ఊఁ."

"కింద మూల నల్లగా ఉన్నది నువ్వేనా?"

"నేనే అక్కా. చెరిపేయమంటే చెరిపి ఇంకొకటి పంపిస్తాను."

అటువైపు కుట్టుమిషను చప్పుడు కాసేపు నడిచి ఆగింది.

"వద్దులే. ఉండనీ," అని పెట్టేసింది.

రమ్మనలేదు. నేనూ అడగలేదు.